కార్పెట్‌కి స్టెయిన్ ప్రొటెక్టర్ వేయడం: ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి, కస్టమర్‌కి ఏమని చెప్పాలి

మీరు అడిగింది ఇది: కార్పెట్ క్లీనింగ్ పనిలోకి వచ్చి ఏడాది అయింది, కడిగాక మరకలు పట్టకుండా ప్రొటెక్టర్ కూడా వేస్తామని కస్టమర్లకు చెప్పాలా వద్దా, చెబితే ఏ రకం వాడాలి, ఎలా వేయాలి, ఎంత తీసుకోవాలి. ఈ పనిలోనే ఉన్న మీ స్నేహితుడు "అదంతా నీళ్ళు చల్లి డబ్బు గుంజడం" అన్నాడని కూడా రాశారు. ఆయన మాట వల్లే మీకు ఎక్కువ టెన్షన్‌గా ఉన్నట్టుంది, అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మంచి ప్రొటెక్టర్‌ని, తగిన కార్పెట్ మీద, సరిపడా మోతాదులో వేస్తే కచ్చితంగా పనిచేస్తుంది. ఇందులో నాకు సందేహం లేదు. అయితే అది ముఖ్యంగా చేసే పని ఇది: పడిన ద్రవం పోగులోకి దిగడానికి పట్టే సమయాన్ని పెంచుతుంది. మామూలుగా పడీపడగానే ఇంకిపోయే కాఫీ కొన్ని నిమిషాలు పైనే నిలుస్తుంది, ఆ కొన్ని నిమిషాల్లో ఇంట్లోవాళ్ళు గుడ్డ తెచ్చి అద్దుకోగలరు. అంటే మనం కస్టమర్‌కి అమ్మేది సమయం. "ఇక మరకలే పడవు" అని అమ్మేవాళ్ళ వల్లే మీ స్నేహితుడికి ఆ అభిప్రాయం వచ్చి ఉంటుంది.

నేనూ ఒకప్పుడు ఆ మాట అన్నవాణ్ణే. పనిలోకి వచ్చిన రెండో ఏడాది, లేత గోధుమ రంగు నైలాన్ కార్పెట్ ఉన్న ఒక ఇంట్లో హాలంతా ప్రొటెక్టర్ వేసి, బిల్లు మీద "మరకల నుంచి పూర్తి రక్షణ" అని రాసిచ్చాను. రెండు నెలలకు ఆ ఇంటావిడ ఫోన్ చేశారు. రాత్రి పిల్లాడు ఎర్ర రంగు డ్రింక్ ఒలకబోశాడు, పొద్దున లేచాక చూసుకున్నారు. వెళ్ళేసరికి సోఫా ముందు అరచేయంత ఎర్ర మచ్చ. ఆవిడ కోప్పడలేదు, గొంతు కూడా పెంచలేదు. నేను రాసిచ్చిన బిల్లు తెచ్చి ఆ లైను మీద వేలు పెట్టి చూపించారు. నా దగ్గర సమాధానం లేదు. రంగుని విరిచే రెడ్యూసింగ్ మందు వేసి, పైన తడి తెల్ల టవల్ పరిచి, ఇస్త్రీ పెట్టె వేడితో కాసేపు పెడుతూ తీస్తూ, దాదాపు గంటన్నర కూర్చుని రంగు చాలావరకు టవల్‌లోకి లాగాను. ప్రొటెక్టర్ డబ్బులు తిరిగిచ్చేశాను. ఆ రోజు తర్వాత "పూర్తి రక్షణ" అనే మాట నా నోటి నుంచి గానీ నా బిల్లు మీదికి గానీ రాలేదు.

అక్కడ జరిగిందేమిటో అర్థమైతే సగం విషయం అర్థమైనట్టే. మన పనిలో ప్రొటెక్టర్ అని పిలిచేవాటిలో రెండు వేర్వేరు పనులు చేసే మందులున్నాయి. మొదటిది ఫ్లోరోకెమికల్. ఇది పోగు చుట్టూ సన్నని పొరలా పట్టుకుని దాని ఉపరితల శక్తిని తగ్గిస్తుంది, అందువల్ల నీళ్ళూ నూనే రెండూ పరుచుకోకుండా పూసల్లా నిలుస్తాయి. పొడి దుమ్ము కూడా తక్కువగా అంటుకుంటుంది, వాక్యూమ్ చేసినప్పుడు తేలిగ్గా వచ్చేస్తుంది. రెండోది యాసిడ్ డై బ్లాకర్. ఇది ద్రవాన్ని ఆపదు, రంగుని ఆపుతుంది. నైలాన్ పోగులో అమైన్ అనే చోట్లుంటాయి. ఫ్యాక్టరీలో నైలాన్‌కి రంగు వేసేది ఎక్కువగా అక్కడ అతుక్కునే ఆమ్ల రంగులతోనే. పిల్లల డ్రింకుల్లో వాడే ఎరుపు కూడా అదే జాతి. కాబట్టి అది ఒలికి రాత్రంతా ఉందంటే నైలాన్‌కి అద్దకం వేసినట్టే. బ్లాకర్ ఆ ఖాళీ చోట్లను ముందే ఆక్రమించి ఎర్ర రంగుకి చోటు లేకుండా చేస్తుంది. నేను ఆవిడ ఇంట్లో వేసింది ఫ్లోరోకెమికల్ ఒక్కటే. అది కాసేపు ఆపి ఉంటుంది, తెల్లారేవరకూ ఆపలేకపోయింది. అలాంటి ఇంటికి రెండూ కలిసిన మందు వాడాల్సింది.

మూడో రకం కూడా మార్కెట్లో దొరుకుతుంది, సిలికాన్ ఆధారంగా చేసింది. చవక. నీటి చుక్క వేసి చూపిస్తే చక్కగా పూసలా నిలుస్తుంది. నూనెను మాత్రం ఆపదు, పైగా కాలం గడిచేకొద్దీ మురికిని పట్టుకుంటుంది. కార్పెట్ మీద దాన్ని నేను వాడను, మిమ్మల్నీ వాడమనను. డబ్బా మీద ఏ రసాయనమో రాయకపోతే సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ డబ్బా వద్దు.

ఇక పోగు సంగతి. ప్రొటెక్టర్ గురించి నోరు తెరవకముందే కార్పెట్ ఏ పోగుతో చేసిందో తెలుసుకోవాలి. నైలాన్, ఊలు రెండూ ఆమ్ల రంగుల్ని తాగుతాయి, అందుకని ప్రొటెక్టర్ వల్ల వాటికే ఎక్కువ లాభం. పాలీప్రొపిలీన్‌లో రంగు దారం తీసేటప్పుడే లోపల కలిసిపోయి ఉంటుంది, బయటి రంగు పట్టడానికి చోట్లుండవు, డ్రింకు పడితే కడిగితే పోతుంది. కానీ దానికి నూనె అంటే ప్రాణం. జిడ్డు పట్టుకుందంటే వదలదు, దాని మీదికి దుమ్ము చేరి నల్లబడుతుంది. పాలిస్టర్ కూడా జిడ్డు విషయంలో ఇంచుమించు అంతే. కాబట్టి పాలీప్రొపిలీన్ ఉన్న ఇంట్లో రంగు మరకల భయం చూపి బ్లాకర్ అమ్మడం అన్యాయం. అక్కడ వేస్తే గీస్తే ఫ్లోరోకెమికల్ వేయాలి, అదీ జిడ్డు కాళ్ళు పడే చోట.

పోగు తెలుసుకోవడానికి నేను చేసేది చాలా సులువు. మూలలో కనబడని చోట నుంచి రెండు మూడు పోగులు కత్తిరించి, తడి వేళ్ళతో బాగా నలిపి గాలి పోయాక గ్లాసు నీళ్ళలో వేస్తాను. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక, పైకి తేలుతుంది. నైలాన్, పాలిస్టర్, ఊలు మునుగుతాయి. మునిగినవాటిలో ఊలుని కాల్చి చూస్తే తెలిసిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నైలాన్, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడతాయి. (కాల్చేది ఇంటి బయట, పట్టకారుతో పట్టుకుని. కార్పెట్ మీద వంగి అగ్గిపుల్ల గీయకండి.) గ్లాసులో తేలుతున్న పోగుని కస్టమర్‌కి చూపించి "మీ కార్పెట్‌కి ఫలానా మందు అక్కర్లేదండి" అంటే, ఆ తర్వాత మీరు అవసరమని చెప్పేది వాళ్ళు నమ్ముతారు.

ఎలా వేయాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే భాగం. నా ఉద్దేశంలో ప్రొటెక్టర్ పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం మందు చెడ్డదై కాదు, తక్కువ పడటం వల్లో, సబ్బు మిగిలిన పోగు మీద పడటం వల్లో వస్తాయి. ముందు కార్పెట్ నిజంగా శుభ్రంగా ఉండాలి. మురికి మీద పొర వేస్తే మురికికే రక్షణ. కడిగాక జారుడు మిగలకూడదు: తెల్ల టవల్‌ని తడి కార్పెట్ మీద గట్టిగా ఒత్తి, వేళ్ళ మధ్య రాసి చూడండి, సబ్బులా జారితే ఇంకోసారి రిన్స్ చేయాలి. ఆఖరి రిన్స్ తేలికపాటి ఆమ్లంతో చేస్తే పోగు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 7 కన్నా తక్కువకు వస్తుంది, ప్రొటెక్టర్ చక్కగా పడుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ ప్రొటెక్టర్లు సాధారణంగా ఆనయానిక్ (ఋణావేశం ఉన్న) రకం. దుర్వాసన పోవడానికో క్రిములు చావడానికో వాడే మందుల్లో క్యాటయానిక్ (ధనావేశం ఉన్న) రకాలు చాలా ఉంటాయి. రెండూ విద్యుదావేశంలో విరుద్ధం, ఒకదాని మీద ఒకటి పడితే ప్రొటెక్టర్ విరిగిపోయి జిగటగా మారుతుంది. ఆ ఇంట్లో అంతకుముందు ఏం వాడారో అడగండి, మీరే వాడి ఉంటే బాగా కడిగేయండి.

మోతాదు లెక్క ఒక్కసారి కూర్చుని చేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. కలిపిన మందు 1 లీటరు 10 చదరపు మీటర్లకు అని మీ డబ్బా మీద ఉందనుకుందాం. స్ప్రేయర్‌లో నీళ్ళు పోసి, మామూలుగా వాడే ప్రెషర్‌తో, ఒక్క నిమిషం బకెట్‌లోకి కొట్టి కొలవండి. నిమిషానికి సరిగ్గా 1 లీటరు వచ్చిందంటే 10 చదరపు మీటర్లకు మీరు 1 నిమిషం తీసుకోవాలి. 4 మీటర్లు, 5 మీటర్ల గది 20 చదరపు మీటర్లు, అంటే 2 నిమిషాలు, 2 లీటర్లు. దాన్ని రెండు భాగాలు చేసి, 1 నిమిషం నిలువుగా, 1 నిమిషం అడ్డంగా కొట్టండి. వాచీ చూసుకుంటూ మొదటిసారి చేస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలవాటు చొప్పున మనం గదిని ఎంత వేగంగా తిరిగేస్తామో, ఎంత తక్కువ మందు వేస్తామో అప్పుడు తెలుస్తుంది. నాజిల్ నేలకి ఒక మూర ఎత్తులో, వెడల్పుగా పరుచుకునేలా ఉండాలి. పైకెత్తి కొడితే మంచు తుంపరలా గాలిలోకి పోతుంది, మనం పీలుస్తాం, కార్పెట్ తాగదు.

కొట్టగానే కార్పెట్ బ్రష్‌తో దువ్వాలి. ఈ పని మాత్రం వదలొద్దు. స్ప్రే పోగుల కొనల మీదే పడుతుంది, దువ్వితేనే పక్కలకీ లోపలికీ చేరుతుంది. నేను ఒక దిక్కు దువ్వి, మళ్ళీ ఎదురు దిక్కు దువ్వుతాను. తర్వాత ఫ్యాన్లు పెట్టాలి. పైకి ఆరినట్టు కనిపించినా మందు పోగుకి పట్టుకోవడానికి ఇంకా సమయం కావాలి, నేను 24 గంటల వరకు బరువైన సామాను లాగొద్దనీ, బయటి చెప్పులతో తిరగొద్దనీ చెబుతాను. కిటికీలు తీయించండి, మీరు మాస్కు వేసుకోండి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ ఆరేవరకు ఆ గదిలోకి రానివ్వకండి. అక్వేరియం ఉంటే మూత కప్పి, ఆ కాసేపు దాని గాలి పంపు ఆపించండి. ఆ పంపు గదిలోని గాలినే నీళ్ళలోకి పంపుతుంది, అందులో మన తుంపర ఉంటుంది. పక్షుల పంజరం ఉంటే వేరే గదికి మార్చమనండి.

కస్టమర్‌తో మాట్లాడే సంగతికి వద్దాం. పని అయిపోయి, పైపులు చుట్టుకుని, బిల్లు చేతిలో పెట్టే ముందు గుమ్మం దగ్గర "సార్, ప్రొటెక్టర్ కూడా వేయమంటారా" అని అడిగితే ఎవరికైనా అనుమానమే వస్తుంది. వాళ్ళు సరేనన్నా మనసులో కొరత ఉంటుంది. మొదట కార్పెట్ చూడటానికి వెళ్ళినప్పుడే మాట్లాడాలి. అదీ ప్రొటెక్టర్ గురించి కాదు, ఇంటి గురించి. పిల్లలున్నారా, కుక్క గానీ పిల్లి గానీ ఉందా, టీ కాఫీలు ఎక్కడ కూర్చుని తాగుతారు, బయటి నుంచి వచ్చేవాళ్ళు ఏ తలుపు నుంచి వస్తారు. ఆ జవాబులే ఎక్కడ వేయాలో చెప్పేస్తాయి. సోఫా ముందు, భోజనం బల్ల కింద, గుమ్మం నుంచి హాలుకి నడిచే దారి. అతిథుల గదిలో ఏడాదికి నాలుగుసార్లు ఎవరో పడుకుంటారు, అక్కడెందుకు? "ఇక్కడా ఇక్కడా వేస్తే చాలండి, ఆ గదికి అక్కర్లేదు" అని మీరే చెప్పండి. ఇల్లంతటికీ వేసి వచ్చే డబ్బు ఒకసారి వస్తుంది. అలా చెప్పినవాడిని మాత్రం మళ్ళీ పిలుస్తారు, పక్కింటివాళ్ళకీ చెబుతారు. ఇది నేను నా డైరీలో చూసుకుని చెబుతున్న మాట.

చూపించడం మాత్రం మానకండి. నా వ్యాన్‌లో ఎప్పుడూ ఒక నైలాన్ కార్పెట్ ముక్క ఉంటుంది, సగానికి మందు వేసి ఆరబెట్టింది, సగం ఉత్తది. నీటి చుక్క ఒక్కటే వేసి చూపితే సరిపోదు, సిలికాన్ కూడా నీటిని ఆపుతుందని పైన చెప్పాను కదా. నేను మూడు చుక్కలు వేస్తాను: ఒకటి నీళ్ళు, ఒకటి నీళ్ళలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపింది, ఒకటి మినరల్ ఆయిల్. ఆల్కహాల్ కలిస్తే ద్రవం తల తన్యత తగ్గి సులువుగా ఇంకుతుంది, అది కూడా నిలిచిందంటే పొర గట్టిదన్నట్టు. పరిశ్రమలో వాడే ఏఏటీసీసీ 193, ఏఏటీసీసీ 118 పరీక్షల వెనుక ఉన్న ఆలోచన ఇదే, మొదటిది నీళ్ళు ఆల్కహాల్ మిశ్రమాలతో, రెండోది నూనెలతో. ఇంటి హాల్లో మనం చేసేది ల్యాబు పరీక్ష కాదు, కానీ కస్టమర్ కళ్ళెదుట చుక్క నిలవడమో ఇంకడమో జరుగుతుంది. ఆ తర్వాత మందు వేసిన వైపు చుక్కనే వేలితో గట్టిగా నొక్కి, అది లోపలికి దిగడం కూడా చూపిస్తాను. "చూశారా, రుద్దితే దిగుతుంది, అందుకే రుద్దకూడదు" అంటాను. ఆ ఒక్క వేలి నొక్కు చెప్పినంత బాగా ఏ కరపత్రమూ చెప్పదు.

ఏం ఆగవో కూడా ముందే చెప్పాలి. వేడి వేడి కాఫీ, చల్లారిన కాఫీ ఒకటి కాదు, వేడి రంగుని లోపలికి తోస్తుంది. పసుపు కలిసిన ఆవాల పేస్టు, అయోడిన్ లాంటి వాటి రంగు వేరే రకం, యాసిడ్ డై బ్లాకర్ వాటికి పనికిరాదు. బ్లీచ్ పడితే అది మరక కాదు, ఉన్న రంగే పోవడం. పెంపుడు జంతువుల మూత్రం ఎక్కువ మోతాదులో పడి అడుగున ప్యాడ్‌లోకి దిగితే పై పొర ఏం చేస్తుంది? నడిచే దారిలో బూడిద రంగుగా కనిపించేది చాలాసార్లు మురికే కాదు, ఇసుక రేణువులు గీకి పోగు మెరుపు పోయిన చోటు. దానికి మందు లేదు, రోజూ వాక్యూమ్ చేయడమే ముందు జాగ్రత్త. ఇవన్నీ చెబితే అమ్మకం పోతుందేమోనని భయపడకండి. వీటిలో ఏదో ఒకటి ఆ ఇంట్లో ఎలాగూ జరుగుతుంది. ముందు చెబితే అది సలహా, తర్వాత చెబితే సాకు.

డబ్బుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. మందు ఖర్చు, చల్లి దువ్వి ఫ్యాన్లు పెట్టే సమయం, ఏడాది లోపు మరక పడితే ఒకసారి ఉచితంగా వచ్చి చూసే ఖర్చు, ఈ మూడూ కలిపి చదరపు మీటరుకి ఒక రేటు కట్టుకోండి. ముందు రాసిచ్చే ధర అంచనాలో క్లీనింగ్‌కి ఒక లైను, ప్రొటెక్టర్‌కి వేరే లైను రాయండి. "ఫ్రీగా వేస్తాం" అని ప్రకటించి, డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు మందుతో సరిపెట్టడం మాత్రం చేయొద్దు. మీ స్నేహితుడు అన్న నీళ్ళు చల్లడం అదే.

ఈమధ్య కస్టమర్లు ఎక్కువగా అడుగుతున్నది ఫ్లోరిన్ రసాయనాలు, అంటే పీఫాస్ గురించి. దీనికి జవాబు లేకుండా పనిలోకి దిగకండి. స్కాచ్‌గార్డ్ అనే పేరున్న ప్రొటెక్టర్ కథ ఇక్కడ తెలిసి ఉండాలి. 1953లో 3ఎం కంపెనీ ల్యాబ్‌లో ఒక ఫ్లోరోకెమికల్ బూటు మీద ఒలికితే, ఆ చోటు మాత్రం మురికి పట్టకపోవడం ప్యాట్సీ షెర్మన్, శామ్ స్మిత్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు గమనించారు. 1956లో అది మార్కెట్లోకి వచ్చింది. దాని వెనుక ఉన్న పీఎఫ్‌ఓఎస్ (పీఫాస్‌లో ఒకటి) రకం రసాయనాలు ప్రకృతిలో విచ్ఛిన్నం కావనీ మనుషుల రక్తంలో పేరుకుంటున్నాయనీ తేలి, 2000లో ఆ రకాన్ని ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది, తర్వాత అణువులో కార్బన్ గొలుసు పొట్టిగా ఉండే రకానికి మారింది. 2009లో పీఎఫ్‌ఓఎస్, ఇలా విచ్ఛిన్నం కాని రసాయనాల్ని అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కింది. 2022 డిసెంబరులో అయితే 2025 చివరికల్లా పీఫాస్ తయారీ మొత్తం మానేస్తామని 3ఎం చెప్పింది. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో, కావాలని పీఫాస్ కలిపిన కార్పెట్లనూ, బట్టలకు వేసే ట్రీట్‌మెంట్లనూ 2023 జనవరి 1 నుంచి అమ్మకూడదు. నియమాలు చోటును బట్టి మారతాయి, మీరు పనిచేసే చోట ఏది చెల్లుతుందో చూసుకోవడం మీ బాధ్యత.

ఫ్లోరిన్ లేని ప్రొటెక్టర్లు వస్తున్నాయి, నేను వాడుతున్నాను. నీటి రకం మరకలకు బాగానే ఉన్నాయి, నూనె విషయంలో మాత్రం ఫ్లోరోకెమికల్‌కి సాటి రావు. కస్టమర్‌కి ఇదే ముక్క చెబుతాను. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి "ఏదీ వద్దండి" అంటే, ఆవిడను ఒప్పించడానికి ప్రయత్నించను. వాళ్ళకు మూడు తెల్ల గుడ్డలు, ఒక చిన్న స్ప్రే బాటిల్‌లో సబ్బు మిగల్చని స్పాటర్ (మరక తీసే మందు) ఇచ్చి, ఎలా అద్దాలో చూపించి వస్తాను. పొడి గుడ్డ పరచాలి, అరచేత్తో అదమాలి, గుడ్డ మార్చాలి, అంచు నుంచి మధ్యకి రావాలి. ప్రొటెక్టర్ వేయించుకున్నవాళ్ళకీ ఇదే చూపిస్తాను, ఎందుకంటే వాళ్ళు కొన్న ఆ కొన్ని నిమిషాల్లో చేయాల్సింది ఇదే.

మళ్ళీ ఎప్పుడు వేయాలని అడుగుతారు. నడక పడే చోట పొర అరిగిపోతుంది, గట్టి క్షారపు మందులతో కడిగినా పోతుంది, ముఖ్యంగా పీహెచ్ 10 దాటినవి నైలాన్‌లోని డై బ్లాకర్‌ని లాగేస్తాయి. నేను తేదీ చూసి చెప్పను. తర్వాతిసారి కడగడానికి వెళ్ళినప్పుడు, వాక్యూమ్ చేశాక, నడిచే దారిలో ఒక చుక్క, సోఫా కింద ఒక చుక్క వేసి కస్టమర్‌తో కలిసి చూస్తాను. దారిలోది ఇంకిపోయి సోఫా కిందది నిలిస్తే దారి వరకే వేస్తాను. రెండూ నిలిచాయనుకోండి, "ఈసారి వద్దండి, వచ్చే ఏడాది చూద్దాం" అని బిల్లులో ఆ లైను కొట్టేస్తాను.